మా తాతయ్యకు ఎన్ని మార్కులు?

సినిమా పత్రికలో రాజ్యతంత్రం గొడవేమిటని విసుక్కోకండి. మన జానపద చిత్రాలు చూసినవారందరికీ ఒక ప్రభుత్వ విధానం కంఠోపాఠం. ముసలి రాజు మంచివాడు, సేనాపతి దుర్మార్గుడు. రాజు చెరసాలలో పడగానే పన్నులు పెరుగుతాయి, జనం కొరడా దెబ్బలు తింటారు. చివరి రీలులో కథానాయకుడు కిరీటం పెట్టుకుని పన్నులన్నీ రద్దు చేస్తాడు. మరి మర్నాటినుంచి ఖజానా ఎలా నిండుతుందో ఏ దర్శకుడూ చెప్పిన పాపాన పోలేదు. సరిగ్గా ఆ ఖజానా లెక్క రాసిపెట్టమని కిందటేడు నన్నొకడు అడిగాడు.

వాడు డిగ్రీలో నా పక్క బెంచీ. హైదరాబాదులో మరో ఇద్దరితో కలిసి కాకతీయుల కాలం మీద కంప్యూటర్ ఆట తయారుచేస్తున్నాడు. "ఒరేయ్, నువ్వు కథలు తెలిసినవాడివి, చరిత్ర పుస్తకాలు తిరగేస్తుంటావు. నాలుగైదు రకాల ప్రభుత్వాలు రాసిపెట్టు. ఒక్కోదానికి మూడు బలాలు, రెండు బలహీనతలు. అన్నీ అంకెల్లో ఉండాలి" అన్నాడు. నెలాఖరున వచ్చిన పని ఏదైనా ఫ్రీలాన్సు జర్నలిస్టుకి మంచి పనే. ఒప్పేసుకున్నాను.

ఈ విద్యకు పెద్దబాలశిక్ష వంటిది 'సివిలైజేషన్' అనే ఆట. సిడ్ మేయర్, బ్రూస్ షెల్లీ అనేవాళ్లు రూపొందించగా మైక్రోప్రోస్ కంపెనీ 1991లో విడుదల చేసింది. అందులో మనం నిరంకుశ పాలనతో మొదలవుతాం. మూడు గింజలో అంతకంటే ఎక్కువో పండే ప్రతి గడిలోనూ ఒకటి కోత పడుతుంది. రాచరికానికి మారితే ఆ కోత పోతుంది. రిపబ్లిక్ అయితే వర్తకం పెరుగుతుంది గాని, సైన్యం ఊరు దాటితే ఇంట్లో జనం గొణుగుతారు. ప్రజాస్వామ్యంలో అవినీతి సున్నా. కాని పొలిమేర దాటిన ఒక్కో దళానికీ ఇద్దరు పౌరులు అలుగుతారు. ఏ ఊళ్లోనైనా అల్లర్లు రెండు వంతులపాటు అణగకపోతే ప్రభుత్వమే కూలిపోతుంది. కమ్యూనిజంలో రాజధాని పక్కనున్న ఊరికీ, రాజ్యం చివరనున్న ఊరికీ అవినీతి ఒకటే. ఇది రాసినవాడు హాస్యప్రియుడై ఉండాలి! ఒకదాన్నుంచి మరోదానికి మారాలంటే మధ్యలో కొన్నాళ్లు అరాచకం భరించాలి. పిరమిడ్లు కట్టినవాడికి మాత్రం ఆ బాధ లేదు.

ఇందులో కిటుకల్లా ఒక్కటే. ఏ ప్రభుత్వమూ అన్నివేళలా మంచిది కాకూడదు. అన్నివిధాలా మంచిదొకటి ఉంటే ఆటగాడు అందులో చేరి కూర్చుంటాడు, ఇక ఆట చచ్చినట్టే. యుద్ధంలో పనికొచ్చేది శాంతిలో బరువు కావాలి. మల్టీస్టారర్ చిత్రం తీసే నిర్మాత ఇద్దరు హీరోలకి సీన్లు పంచినట్టన్నమాట!

2005లో వచ్చిన నాలుగో భాగంలో ఈ పద్ధతి మార్చారు. ప్రభుత్వాన్ని ఒక ముద్దగా కాక పాలన, న్యాయం, శ్రమ, ఆర్థికం, మతం అని అయిదు ముక్కలు చేసి ఒక్కోదాన్ని విడిగా ఎంచుకోమన్నారు. అన్నట్టు, ఆ ఆటలో మొదట వినిపించే 'బాబా యేతు' అనే స్వాహిలీ పాటకు 2011లో గ్రామీ వచ్చింది. కంప్యూటర్ ఆట కోసం కట్టిన బాణీకి గ్రామీ రావడం అదే మొదలు. చేసినవాడు క్రిస్టఫర్ టిన్. సంగీతప్రియులు ఒకసారి వినండి.

అందులో బానిసత్వం అనే మీట ఒకటుంది. నొక్కితే ఊరి జనాభాలో ఒకటి రెండు తగ్గుతుంది, కడుతున్న కట్టడం టక్కున పూర్తవుతుంది. డిగ్రీ రోజుల్లో స్నేహితుడి గదిలో రాత్రంతా టీ తాగుతూ ఆ మీట ఎన్నివందలసార్లు నొక్కానో! ఒక్కసారి కూడా చెయ్యి వణకలేదు.

గాంధీగారి కథ కూడా వినే ఉంటారు. మొదటి ఆటలో గాంధీ ప్రజాస్వామ్యానికి మారగానే ఆయన దూకుడు ఒకటిలోంచి రెండు తగ్గబోయి, లెక్క తిరగబడి 255 అయిందనీ, అందుకే అణుబాంబులు విసిరేవాడనీ లోకమంతా నమ్మింది. అలాంటి పొరపాటేమీ లేదని 2020లో సిడ్ మేయర్ తన ఆత్మకథలో తేల్చిపారేశాడు. అయినా జనం ఆ కథనే చెప్పుకుంటారు. అంకె తప్పయినా కథ బాగుందిగా!

సరే, మన కాకతీయుల దగ్గరికొద్దాం. నాయంకర విధానం రాయడం సులువే అయింది. రాజు నాయకుడికి ఊళ్లు ఇస్తాడు, నాయకుడు సైన్యాన్ని పోషిస్తాడు. ఖజానాకి ఖర్చు లేకుండా దళాలు రావడం బలం. ఓరుగల్లు కోట డెబ్బై ఏడు బురుజులనూ డెబ్బై ఏడుగురు నాయకులకు అప్పగించారని ప్రతీతి. వాళ్లలో పది మంది ముఖం తిప్పుకుంటే పది బురుజులు ఖాళీ కావడం బలహీనత. ఇంకో బలం కూడా రాశాను. రామప్ప గుడి రాజు కట్టించింది కాదు, సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. అంటే ఆటగాడు అడక్కుండానే నాయకులు గుళ్లూ చెరువులూ కట్టాలి. 1323లో ఓరుగల్లు పడిపోయాక కూడా రాజ్యం పూర్తిగా చావకూడదు. ముసునూరి కాపయ నాయకుడు కొన్నేళ్లకే ఆ కోటను తిరిగి పట్టుకున్నాడు మరి. గణపతిదేవుడి మోటుపల్లి అభయశాసనాన్ని కూడా వాడుకున్నాను. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు రాజు లాక్కోడు, నిర్ణయించిన సుంకమే తీసుకుంటాడు. ఇవాళ ఆదాయం తగ్గి రేపు ఓడలు పెరగాలి. దీనికి మావాడు ఎగిరి గంతేశాడు.

మంత్రి పాలన రాస్తున్నప్పుడు మాత్రం నాకు భానుమతిగారే కళ్లముందు నిలిచారు. 1966 'పల్నాటి యుద్ధం'లో నాగమ్మ వేషం ఆవిడదే. 1947 చిత్రంలో కన్నాంబ గారు వేశారు. మాది పల్నాడు లెండి, నాగమ్మకు బలహీనతలు రాయాలంటే కాస్త భయమేసింది.

చిక్కల్లా తర్వాత వచ్చింది. "రాజు, మంత్రి, నాయకుడు అయ్యారు. ఊళ్లో లెక్క రాసేవాడేడి? కరణానికి ఎంత అవినీతి పెట్టమంటావు? పది శాతమా?" అని ఫోన్ చేశాడు. మా తాతయ్య కరణం. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు రద్దయ్యేదాకా ఆయనే మా ఊరి లెక్క రాశాడు. "మీ తాత ఒక్క పైసా ముట్టలేదురా" అని నాన్న వెయ్యిసార్లు చెప్పాడు. వెంటనే సున్నా అనేద్దామనుకున్నాను. ఎందుకో నోరు రాలేదు. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు, తాతయ్య అజమాయిషీకి వెళ్తుంటే వెనకాల దస్త్రం మోసిన పెద్దాయన ఉంటే కదిపాను.

"అయ్యగారు డబ్బు తినలా బాబూ, అబద్ధం ఎందుకు చెప్పాల" అన్నాడు. కాసేపాగి, "మా నాయన ఆ బంజరు ఇరవయ్యేళ్లు దున్నాడు. అడంగల్లో మా పేరు ఎక్కలా" అన్నాడు.

"ఎందుకెక్కలేదు?"

"పెద్దరైతు వద్దన్నాడు. అయ్యగారు రాయలా. పైసా తీసుకోలా, రాయనూ లా."

ఆయన గొంతులో కోపం లేదు. నాకు కాఫీ ఇప్పించమని కోడల్ని కేకేశాడు కూడా.

తిరుగు బస్సులో 'సివిలైజేషన్' లెక్క మళ్లీ వేసుకున్నాను. అందులో అవినీతి అంటే రాజుగారి ఖజానాకు చేరకుండా దారిలో కారిపోయిన సొమ్ము. ఆ లెక్కన మా తాతయ్య ఊరు ఆదర్శగ్రామం. శిస్తు అణా పైసలతో సహా వచ్చేది. పెద్దాయన తండ్రి పోగొట్టుకున్నది రాజు సొమ్ము కాదు గనక ఏ గడిలోనూ లేదు.

అందుకని కరణానికి రెండు అంకెలు రాశాను. మొదటిది అవినీతి, సున్నా. రెండోదానికి 'రాయని పేర్లు' అని పేరు పెట్టాను. కరణం పెద్దరైతు మాట విన్నకొద్దీ అది పెరుగుతుంది, వసూలు మాత్రం తగ్గదు. ఆటగాడికి అది కనబడదు. ముట్టడి వచ్చిన రోజున మాత్రం ఆ ఊరు కోటకు మనిషిని పంపదు, రాత్రికి రాత్రి వలసపోతుంది.

మావాడు తల పట్టుకున్నాడు. "కనపడని అంకె పెడితే ఆడేవాడు మోసమంటాడురా. ఓడిపోయినా ఎందుకు ఓడాడో తెలియాలి" అన్నాడు. వాడన్నదీ నిజమే. వాదించి వాదించి, ఆటగాడు మారువేషంలో ఆ ఊరికి వెళ్తే కనబడేట్టు రాజీపడ్డాం. జానపద చిత్రాల పుణ్యమా అని మారువేషం తెలియనివాడు లేడు. సగం డబ్బు వచ్చింది, మిగతా సగం ఆట విడుదలయ్యాక.

నాన్నకి చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన రిటైరైన పంతులు, మార్కులంటే పట్టింపు.

"తాతకి ఎంతేశావు?"

"అవినీతి సున్నా నాన్నా."

"రెండోదో?"

చెప్పాను. కళ్లజోడు తీసి పంచె అంచుతో చాలాసేపు తుడుచుకున్నాడు. పెద్దాయన పేరు నేను చెప్పలేదు, ఆయనా అడగలేదు.

"రాజుకి కనబడదంటున్నావు సరే. కరణానికి కనబడుతుందా ఆ అంకె?" అన్నాడు.

అది నాకు తట్టలేదు. మావాడికి ఫోన్ చేసి అడిగాను. కరణం వేషం ఆడేవాడికి ఇంకా ఇవ్వలేదనీ, అది రెండో భాగంలో చూద్దామనీ అన్నాడు.