బోకుమ్‌లో కోపె చక్రం

డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉంటున్న మా అమ్మాయి, చుట్టాలొస్తే చూపించే వరసలోనే నాకూ కొలోన్ చర్చినీ రైన్ నది పడవల్నీ చూపించింది. అవయ్యాక "ఇంకేం చూస్తవు బాపూ?" అని అడిగితే బోకుమ్ తీసుకెళ్లమన్నాను. గోదావరిఖనిలో బొగ్గు బెల్టుల మధ్యే ఉద్యోగమంతా గడిపినవాణ్ని. జర్మనీ దాకా వచ్చి, గని తాళ్లను నడిపే కోపె చక్రం పుట్టిన బాయిని చూడకుండా వెళ్లడానికి మనసొప్పలేదు.

ఆ బాయి పేరు హనోవర్. ఊరి శివారు హోర్డెల్‌లో ఉంది. 1973లో మూతపడి ఇప్పుడు మ్యూజియం అయింది. దూరం నుంచే ఇటుకల మలకోవ్ టవర్ కోట బురుజులా కనిపించింది. ఇనుప హెడ్‌గేర్లు రాకముందు, షాఫ్టు మీది గిలకల బరువూ తాడు లాగుడూ గోడలే మోయాల్సి వచ్చేది. అందుకే అంత మందం. క్రిమియా యుద్ధంలో పేరుమోసిన సెవస్తోపోల్‌లోని మలకోవ్ కోట నుంచి ఈ టవర్లకు ఆ పేరొచ్చింది. పక్కనున్న ఇంజన్ ఇంట్లో 1893 నాటి ఆవిరి వైండింగ్ ఇంజన్ ఇంకా తన చోటనే ఉంది.

కోపె చక్రానికి ముందు, మనుషుల్నీ బొగ్గునూ మోసే కేజ్‌ల తాడు ఒక కొసను డ్రమ్ముకు బిగించి, దాని మీద చుట్టేవారు. జారే భయం లేదు. అయితే బాయి లోతు పెరిగినకొద్దీ తాడు పొడుగవుతుంది, డ్రమ్ము వెడల్పవుతుంది. ఆ ఇనుము బరువును తిప్పడానికీ ఆపడానికీ ఇంకా పెద్ద ఇంజన్ కావాలి. 1877లో ఇక్కడ ఫ్రీడ్రిక్ కోపె డ్రమ్మునే తీసేశాడు. గాడి ఉన్న ఒక్క చక్రం, దాని మీద సగం చుట్టు తాడు, రెండు కొసలకు రెండు కేజ్‌లు. కేజ్‌ల అడుగున ఇంకో తాడు వేలాడదీసి బరువులు సరిచేశాడు. తాడు చక్రానికి ఎక్కడా కట్టి లేదు. పడవ తాడును గుంజకు చుట్టి పట్టుకున్నట్టే, భారమంతా రాపిడి మీదే.

ఈ పట్టుకు లెక్క ఉంది. ఘర్షణ గుణకం 0.1 అయితే, సగం చుట్టులో ఒకవైపు లాగుడు రెండో వైపు కంటే 1.37 రెట్లు దాటగానే తాడు జారుతుంది. అదే 0.25 అయితే 2.19 రెట్ల దాకా ఆగుతుంది. అందుకే గాడిలో తాడు ఆనే చోట మొదట్లో చెక్క, తోలు పరిచారు. తర్వాత ప్లాస్టిక్ లైనింగులు వచ్చాయి.

"అట్లయితే ఇంకా గరుకుగా ఏదన్న పెట్టచ్చు కద, ఆకురాయి లెక్క?" అంది అమ్మాయి.

పెట్టొచ్చు, తాడే మిగలదు. లైనింగు తాడు కంటే మెత్తగా ఉండి తాను అరగాలి, అయినా ఆ ఒత్తిడికి నలిగిపోకూడదు. అక్కడ వివరాలు చెబుతున్న పెద్దాయన ఒకప్పటి గని కార్మికుడు. అమ్మాయి చేత తాడు గ్రీజు సంగతి అడిగించాను. ఆయన నవ్వి, అసలు తిప్పలు అక్కడే అన్నాడు. గ్రీజు పూయకపోతే ఉక్కు తాడు తుప్పు పడుతుంది, మామూలు గ్రీజు పూస్తే జారుతుంది. అందుకని ఇలాంటి చక్రాల తాళ్లకు, తుప్పును ఆపుతూనే పట్టు పోగొట్టని పూత వేరే వాడతారు.

మా బెల్టుల దగ్గరా ఇదే సంగతి. నున్నటి ఉక్కు పుల్లీ, బెల్టు మధ్యకు నీళ్లూ బొగ్గు బురదా చేరితే పట్టు దాదాపు పోతుంది. పుల్లీకి రబ్బరు తొడుగు, అంటే లాగింగ్, వేసి గాళ్లు కోస్తే నీళ్లు పక్కలకు పోతాయి. బురద మరీ ఎక్కువైతే సిరామిక్ పలకలు. వాటి మీది బుడిపెలు బెల్టు రబ్బరులోకి దిగి తడిలోనూ పట్టుకుంటాయి. అవే బుడిపెల మీద బెల్టు జారిందా, అడుగుపొర లేచిపోతుంది. పైగా జారే బెల్టు వేడెక్కుతుంది. 1950లో ఇంగ్లండులోని క్రెస్‌వెల్ గనిలో, చినిగిన రబ్బరు బెల్టు బొగ్గు దిగే చోట ఇరుక్కుని రాపిడికి అంటుకుంది. 80 మంది చనిపోయారు. ఆ తర్వాతే భూగర్భ గనుల్లోకి మంట అంటని బెల్టులు వచ్చాయి. బాయిలో వేసే లాగింగ్ కూడా మంటను పట్టనిదే కావాలి.

ఉద్యోగంలో ఉన్నప్పుడు కంపెనీల వాళ్లు తమ లాగింగ్ గుణకం ఎంతో గొప్పగా చెప్పేవారు. పొడి ప్లేటు మీద తీసిన ఆ అంకె కంటే, దేని మీద ఆనుతుంది, తడిస్తే ఎంత మిగులుతుంది, ఏది ముందు అరుగుతుంది, వేడెక్కితే ఏమవుతుంది అన్నవే నాకు కావాల్సిన జవాబులు. కోపె చక్రం ముందు నిలబడి చూస్తే ఆ ప్రశ్నల్లో ఒక్కటి కూడా మార్చాల్సిన పని కనపడలేదు.