రాయి విసిరిందెవరు?

పోయిన వేసవిలో ఆఫీసులో పనిచేసే ఒక పెద్దాయన మోటార్‌హోమ్‌లో అలాస్కా హైవే మీద వెళ్ళాం. వెనక కట్టింది నా కారు, అమెరికాలో నేను కొనుక్కున్న మొదటి కారు. 1942లో వేసిన ఆ రోడ్డుకి ఇప్పుడు తారు ఉన్నా, వేసవి వస్తే ఎక్కడో ఒకచోట మరమ్మతులు, కంకర తప్పవు. సాయంత్రం ఆగి చూద్దును కదా, బానెట్ నిండా సొట్టలు, ముందద్దానికి పగులు! ఎదురొచ్చిన లారీలన్నిటినీ తిట్టేశాను.

ఆయన మాత్రం కిందకి వంగి చూశారు. దెబ్బలన్నీ మోటార్‌హోమ్ వెనక చక్రాల వరసలోనే ఉన్నాయి. విసిరింది మన బండే!

కారుకి ముసుగేద్దామా అన్నాను. వదులుగా ఉంటే గాలికి కొట్టుకుని, లోపల చేరిన ఇసుకతో రంగంతా గీకేస్తుందట. మోటార్‌హోమ్ వెనక అడ్డంగా రబ్బరు తెర కడితే? రేడియేటర్ వెనకుండే డీజిల్ బండికి గాలాడక ఇంజను వేడెక్కొచ్చు. చివరికి టో బార్‌కి తగిలించే గట్టి షీల్డ్ కొన్నాం, మలుపుల్లో కారుకి తగలకుండా చూసుకుని. కంకర కనిపిస్తే వేగం తగ్గించడం మాత్రం ఉచితం.

అద్దం మార్పించాను, సొట్టలు అలాగే ఉన్నాయి. ఆఫీసులో ఏది పగిలినా ముందు పక్క టీమ్ కోడు వైపు చూడటం నా అలవాటు. మరి మీకో?