నెమలి కూరకి లైకులా?

2024 ఆగస్టులో సిరిసిల్ల జిల్లా తంగళ్ళపల్లి యూట్యూబర్ ఒకరు ‘సంప్రదాయ నెమలి కూర’ అని వీడియో పెడితే కేసయింది. 1963 నుంచి నెమలి జాతీయ పక్షి, 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు. హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగుల్లో, చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్ పిల్లలు బట్టీపట్టే బిట్టే ఇది!

‘తాతలు తినలేదా’ అంటారు. తిన్నారు, కానీ ఇంటికి సరిపడా వేటాడారు. ఒక్క వీడియో ఊళ్ళకి ఊళ్ళకే నోరూరిస్తే అడవిలో ఉచ్చులు పెరగవా? ఇలా అని అడవిని నమ్ముకున్న ఆదివాసుల తిండిని చిన్నచూపు చూస్తున్నానా అంటే, లేదు. ఉప్పు, పసుపు పట్టించి దండేనికి ఎండేసిన మాంసాన్ని నానబెట్టి, చింతచిగురుతో ఉడికించే పనితనానికి చప్పట్లు కొడదాం. ఆ వంట మేకతోనూ కుదురుతుంది. పిట్ట మాంసమే కావాలంటే ఫారం కౌజులున్నాయి, వంటగాళ్ళు వాటితో వీడియోలు చేస్తే మొదటి లైకు నాదే.