పుక్కిటి పురాణం

మా ఇంట్లో తెల్లవారగానే సుప్రభాతం కన్నా ముందు మరో నాదం వినిపిస్తుంది. గుడగుడగుడ... తుపుక్! అది నేను. ఓ పది నిమిషాలయ్యాక ఇంకాస్త బొంగురుగా, ఇంకాస్త దీర్ఘంగా మరో గుడగుడ. అది మా అత్తగారు. ఈమధ్య పై వాటాలోకి కొత్తగా దిగిన అమ్మాయి వారం రోజులు ఓపిక పట్టి, ఎనిమిదో రోజున కొత్తిమీర అడిగే మిషతో కిందికొచ్చింది. "ఆంటీ, మీ ఇంట్లో అందరికీ గొంతునొప్పా?" అని అడిగేసింది.

"గొంతునొప్పి కాదమ్మా, ఉబ్బసం," అన్నాను.

ఈ ఒక్క మాట తడుముకోకుండా పైకి అనడానికి నాకు సగం జీవితం పట్టిందంటే మీరు నమ్మాలి.

ఆడపిల్లకి ఉబ్బసం ఉందంటే ఇంటిల్లిపాదీ దాచవలసిన రహస్యమే గదా! చిన్నప్పుడు మా నాన్న మృగశిర కార్తెకి నన్ను గుంటూరు నుంచి హైదరాబాదు తీసుకెళ్ళి పాతబస్తీలో చేపమందు వరసలో నిలబెట్టేవారు. కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. చేప ముట్టని వాళ్ళకి అదే మందు బెల్లంలో పెట్టి ఇస్తారు. మేము బెల్లం బాపతు. మూడేళ్ళు వరసగా వెళ్ళాం. బెల్లం రుచీ, రైలు కిటికీ నాకిప్పటికీ గుర్తే. నా గుండెల్లో పిల్లికూతలు మాత్రం ఎక్కడికీ పోలేదు.

1998లో పెళ్ళయింది. కాపురానికి పంపుతూ మా అమ్మ చెవిలో వేసిన ఆఖరి ఉపదేశం, "ఎవరైనా అడిగితే జలుబు తత్వం అను, చాలు!" అని. నేను నా నీలం పంపుని కుంకుడుకాయల డబ్బాలో అడుగున దాచాను. తలంటి రోజున తప్ప ఆ డబ్బా జోలికి ఎవరూ పోరు. ఆ రోజున కుంకుళ్ళు నేనే కొడతానని ఎగబడేదాన్ని. "మా కోడలు పనిమంతురాలు," అని మా అత్తగారు పదిమందిలో మెచ్చుకునేవారు.

మరుసటేడు ఆయాసం ఎక్కువై, మావారిని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళితే ఆయన ఇంకో పంపు రాశారు. "నీలంది ఆయాసం వచ్చినప్పుడు. ఇది మటుకు ఉన్నా లేకపోయినా రోజూ రెండు పూటలా," అన్నారు. అంతే, బయట ఇంకా ముప్ఫయిమంది కూర్చునున్నారు. ఆ రెండో దాంట్లో ఉన్నది స్టెరాయిడ్ అని మందుల షాపు కుర్రాడు చెప్పాడు.

ఇంక చూడండి నా సామిరంగా! ఎదురింటి పిన్నిగారి చెవిన పడిందా మాట. "అయ్యో, స్టెరాయిడే! మొహం గుమ్మడికాయలా ఊరిపోతుందే తల్లీ. ఎముకలు అప్పడాల్లా విరుగుతాయి. ఒకసారి మొదలెడితే ఇక మానలేవు. మా తోటికోడలి పిన్నికి మీసాలు కూడా వచ్చాయి!" అన్నారావిడ. పుక్కిటి పురాణమని కొట్టిపారేద్దామనుకున్నాను గానీ, ఆ రాత్రి అద్దం ముందు నిలబడి పై పెదవి తడుముకోని ఆడదెవరు చెప్పండి?

అయినా రెండు నెలలు వాడాను. ఆ తరవాత నాలిక మీద పెరుగు అంటుకున్నట్టు తెల్లటి మచ్చలు లేచాయి. కారం తగిలితే మంట. వరలక్ష్మీ వ్రతం నాడు మంగళహారతి ఎత్తుకోబోతే గొంతు కీచుమని ఊరుకుంది. "చూశావా, మొదలైంది!" అన్నారు పిన్నిగారు. అంతే! ఆ పంపుని డబ్బాలో అట్టడుక్కి తోసేసి నీలందాన్నే నమ్ముకున్నాను. ఎంత హాయి! పీల్చగానే ఊపిరి ఆడుతుంది. ఇంత మంచి మందు ఉండగా ఆ మీసాల మందెందుకు?

2001 భోగి నాడు తెల్లవారుజామున వీధిలో భోగిమంట వేశారు. పాత తాటాకులూ, విరిగిన కుర్చీలూ, ఎవరో తెలివైనవాడు సైకిల్ టైరు కూడా పడేశాడు. ఆ పొగకి మొదలైన ఆయాసం నీలం పంపు రెండుసార్లు పీల్చినా, ఆరుసార్లు పీల్చినా దిగలేదు. మాట పెగల్లేదు. రిక్షాలో మావారి భుజమ్మీద తల వాల్చి, ముగ్గులన్నీ వెనక్కి వెళ్ళిపోతుంటే, ఇంట్లో పడుకోబెట్టొచ్చిన ఏడాది నిండని మా పిల్లాడి మొహం తలుచుకున్నాను. వాడికి తల్లి మొహం గుర్తుంటుందా అనిపించింది. ఆ మాట ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనలేదు, మీకు చెబుతున్నాను.

ఆక్సిజన్ పెట్టారు, ఇంజెక్షను ఇచ్చారు, బతికాను. అక్కడ చూసిన డాక్టరమ్మగారు పెద్దావిడ. అన్నీ విని, నన్ను కోప్పడకుండా మందుల చీటీ వెనక్కి తిప్పి లెక్క వేశారు.

"చూడమ్మా, నువ్వు భయపడ్డ పంపులో ఒక పీల్పుకి వచ్చేది 200 మైక్రోగ్రాములు. రెండు పూటలకీ 400. ఇప్పుడు నీకు ఐదు రోజులు మాత్రలు రాస్తున్నాను. ఇవీ స్టెరాయిడే. రోజుకి 40 మిల్లీగ్రాములు. మిల్లీగ్రాముకి వెయ్యి మైక్రోగ్రాములు. లెక్క కట్టు."

పాలవాడి పద్దు కట్టే చేతులాయె, చటుక్కున కట్టేశాను. ఐదు రోజుల మాత్రల బరువు ఐదువందల రోజుల పంపుతో సమానం! "బరువు లెక్కే సుమా, రెండు మందుల బలం వేరు వేరు. అయినా సంగతి అర్థమైంది గదా? పంపులోది ఊపిరి గొట్టాలకి పోతుంది. మాత్ర ఒళ్ళంతా తిరుగుతుంది. మొహం వాయడం, షుగరు రావడం లాంటివన్నీ మాత్రలూ ఇంజెక్షన్లూ మాటిమాటికీ, నెలల తరబడి వాడినవాళ్ళ కథలు. ఆ కథలు తెచ్చి పంపుకి అంటగట్టారు. పంపుకి భయపడి మానేస్తే చివరికి మాత్రలకే వస్తారు," అన్నారావిడ.

ఆవిడ చెప్పినదాన్ని నేను నా వంటింటి భాషలోకి తర్జుమా చేసుకున్నాను. పొయ్యి మీద పాలు పొంగుతుంటే నీళ్ళు చిలకరిస్తాం చూడండి, అది నీలం పంపు. పొంగు అణుగుతుంది గానీ కింద మంట అలాగే ఉంటుంది. ఊపిరి గొట్టాల లోపలి వాపే ఆ మంట. దాన్ని తగ్గించేది రెండో పంపు. నెమ్మదిగా, రోజూ వాడితేనే తగ్గిస్తుంది. నీళ్ళు చిలకరిస్తూ ఎంతసేపు కూర్చుంటాం? ప్రపంచమంతటా డాక్టర్లు అనుసరించే సూచనలు కూడా 2019లో మారాయి. పెద్దవాళ్ళూ, పన్నెండేళ్ళు దాటిన పిల్లలూ నీలం పంపు ఒక్కదాన్నే నమ్ముకుని ఉండకూడదని తేల్చారు.

"మరి నా నాలిక, నా గొంతు?" అన్నాను ఆవిడతో.

"పంపు పీల్చాక నోరు పుక్కిలిస్తున్నావా?"

"ఎవరూ చెప్పలేదండీ."

ఆవిడ తల పట్టుకున్నారు. పంపు నోట్లో పెట్టుకుని నొక్కితే మందులో చాలాభాగం నోటికీ, గొంతుకీ కొట్టుకుని అక్కడే ఉండిపోతుందట. దాంతో నోట్లో బూజు లాంటి మచ్చలు, గొంతు బొంగురు. నీళ్ళు పుక్కిట పట్టి, గొంతులో గుడగుడలాడించి ఉమ్మేస్తే సరి. మింగకూడదు. మింగితే ఆ మందు కాస్తా కడుపులోకి పోతుంది. గ్లాసెడు మంచినీళ్ళు! ఆ గ్లాసెడు నీళ్ళ మాట ఎవరూ చెప్పక నేను చావు దాకా వెళ్ళొచ్చాను.

స్పేసర్ అని ఒక ప్లాస్టిక్ బుంగ కూడా ఇచ్చారు. పంపుని దానికి తగిలించి, నొక్కి, నెమ్మదిగా లోతుగా పీల్చి, పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. గొంతుకి తగిలేది తగ్గి, ఊపిరితిత్తులకి చేరేది పెరుగుతుంది. దాన్ని సబ్బునీళ్ళతో కడిగి తుడవకుండా ఆరబెట్టాలి. గుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్ మందుని లాగేసుకుంటుందట. స్టీలుగిన్నెలో మొహం కనబడేదాకా తోమే మనబోటివాళ్ళకి తుడవకుండా వదిలెయ్యడమంత శిక్ష ఇంకోటి లేదు.

దోషాలే లేవని నేననను. ఎక్కువ మోతాదులో ఏళ్ళ తరబడి వాడితే ఎముకలు పలచబడవచ్చు, కంట్లో శుక్లం రావచ్చు, ఒంటి మీద చిన్న దెబ్బకే కమిలిన మచ్చలు పడవచ్చు. అందుకే మూడు నెలలు నిలకడగా ఉన్నాక డాక్టరమ్మగారు మోతాదు మెట్టు దించారు. మెట్లు దించడం ఆవిడ పని. దూకెయ్యడం నా పని కాదు. మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు కూడా, "మానేశావా, నీకు చాలని ఊపిరి బిడ్డకీ చాలదు," అని నాచేత ఆపనివ్వలేదు.

అమ్మాయి అన్నాను గదా, ఆస్తిపాస్తులతోపాటు దానికి నా ఉబ్బసమూ వచ్చింది. ఎనిమిదో ఏట పంపు రాస్తే మళ్ళీ గుండె జారింది. "పిల్ల పొట్టిగా ఉండిపోతుందిట, రేపు పెళ్ళెలా?" అన్నారు చుట్టాలు. అది 2012. ఆ ఏడే ఒక అమెరికా పరిశోధన ఫలితం వచ్చిందని పిల్లల డాక్టరుగారు చెప్పారు. చిన్నతనంలో నాలుగైదేళ్ళు ఈ మందు పీల్చిన పిల్లలు పెద్దయ్యాక, పీల్చనివాళ్ళకంటే సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ పొడుగున్నారట. ఇంటికొచ్చి జాకెట్ల టేపు తీసి కొలిచాను. మా ఇంటి ఇడ్లీ మందం కూడా లేదు! రాత్రుళ్ళు నిద్రపోని, ఆటలకి పోని, నెలకోసారి మాత్రలు మింగే పిల్ల మాత్రం ఏపాటి పెరుగుతుంది? ఇప్పుడది నాకంటే రెండంగుళాలు పొడుగు.

ఇక మా అత్తగారి సంగతి. ఆవిడ మేడమెట్లు ఎక్కుతూ నాలుగో మెట్టు మీద ఆగిపోయి, "ఇక్కడ గాలి బావుంది, మాల కట్టుకుంటాను," అని కూర్చునేవారు. ఏళ్ళ తరబడి నేనది పూల మీద ప్రీతి అనుకున్నాను. తీరా చూస్తే ఆవిడకీ ఉబ్బసమే. డాక్టరు గొట్టంలో పెట్టి పీల్చే గొట్టాలు, అదే, క్యాప్సూల్స్ ఇచ్చారు. నెల తిరిగినా గుణం లేదు. ఎలా వాడుతున్నారో చూపించమంటే, క్యాప్సూల్ నోట్లో వేసుకుని గుటుక్కున మంచినీళ్ళతో మింగేశారు!

"పీల్చే మందు అత్తయ్యగారూ," అని నా పద్ధతి చూపించబోతూ, ఇన్నాళ్ళూ దాచినందుకు నసిగాను.

"కుంకుడుకాయల డబ్బాలో ఎప్పుడో చూశానే అమ్మాయ్," అన్నారావిడ నింపాదిగా. "నీది బయటపెడితే నాదీ పెట్టాలిగా!"

ఇద్దరాడవాళ్ళం, ఒక కప్పు కింద, ఇన్నేళ్ళు ఒకరికి తెలియకుండా ఒకరం రొప్పాం.

పై వాటా అమ్మాయి ఇదంతా విని కొత్తిమీర సంగతే మరిచిపోయింది. కాసేపాగి గొంతు తగ్గించి, "నాకూ రాశారాంటీ. కానీ స్టెరాయిడని... మా వాళ్ళు వద్దంటున్నారు. మొహం ఊరిపోతుందిట," అంది.

నేను నోరు విప్పేలోగానే వసారాలోంచి మా అత్తగారి గొంతు వచ్చింది.

"పుక్కిట పట్టిందల్లా మింగకూడదే అమ్మాయ్! ఉమ్మెయ్యి, ఉమ్మేసి, రేపణ్ణించి పంపు పీల్చు!"