డర్బన్ రేవులో తెరచాపలు

గాలి బాగా వీచే ఆదివారం డర్బన్‌లో ఉంటే ఎంబాంక్‌మెంట్ వైపు వెళ్లండి. దాని పేరు ఇప్పుడు మార్గరెట్ మ్నకాడీ అవెన్యూ. మన పెద్దవాళ్లు మాత్రం పాత పేరే వాడతారు.

పడవ పందెం ఉంటే ముందు హారన్ మోగుతుంది. ఇంకా ఐదు నిమిషాలు ఉందని దాని అర్థం. పడవలు గీత వెనకే అటూ ఇటూ తిరుగుతుంటాయి. తొందరపడి గీత దాటిన పడవ వెనక్కి వచ్చి మళ్లీ బయలుదేరాలి. ఎదురుగాలిలో ఏ తెరచాప పడవా నేరుగా పోలేదు. కాసేపు కుడికి, కాసేపు ఎడమకి, వంకరగా పోవాలి. చుక్కాని పట్టిన పిల్లల్ని చూస్తుంటే పొద్దు తెలియదు.

ఇక్కడి రాయల్ నేటాల్ యాట్ క్లబ్ 1858లో మొదలైంది. రెండేళ్లకు, 1860 నవంబరు 16న, మద్రాసు నుంచి ట్రూరో ఓడ ఈ రేవుకే వచ్చింది. అందులో 342 మంది. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. అంటే మనవాళ్లు చెరుకు తోటలకు రాకముందే ఇక్కడ సరదా పడవల క్లబ్బు ఉంది! బడిలో ఈ మాట నాకెవరూ చెప్పలేదు.

ఒప్పందం తీరాక కొందరు ఈ నీళ్లలోనే వలలు వేసి బతికారు. సాలిస్‌బరీ దీవి మీద ఇళ్లు కట్టుకున్నారు. వాళ్లకు పడవ తెలుసు, గాలి తెలుసు. అపార్తీడ్ రోజుల్లో బీచ్‌లను కూడా మనిషి రంగును బట్టి పంచేశారు. పందేలను మా అవ్వ రోడ్డు మీద నిలబడే చూసేదట.

పోయిన నెల ఒక చిన్న పడవ ఒడ్డుకు చేరగానే, "తెరచాప దించు, బుజ్జీ!" అని ఒక పెద్దావిడ కేకేసింది. బుజ్జి దించాడు.