చేతికి తగిన మీట

రోకలి కొనునపుడు దానిని చేతబట్టి, పైకెత్తి, బరువు చూడక మనలో నెవరును కొనరు. కొడవలి పిడి చేతికి మించి లావైనచో కోతకు బోయిన స్త్రీ సాయంకాలమునకు మణికట్టు పట్టుకొని కూర్చుండును. పనిముట్టు చేతికి తగియుండవలెనను సంగతిని మా నిమ్మనపల్లె సేద్యపుటిండ్లలో నొకరు నేర్పనక్కఱలేదు. అయినను పని మాని ఆటకు వచ్చునప్పటికి మనమీ వివేకమును మఱచుచున్నాము.

మా మేనకోడలు పైయూర జదువుకొనుచు, గాలిపిస్తోలుతో గుఱి కొట్టు క్రీడ నభ్యసించుచున్నది. ఆమె యరచేయి వెడల్పు, వ్రేళ్లు పొడవు. ఎంత యోర్పుతో గుఱి నిలిపినను గుండ్లన్నియు నొక ప్రక్కకే పోవుచుండెను. “ఆడపిల్ల కింతింత చేతులేమి?” యని చుట్టములు పరిహసించిరి. ఆమెయు సిగ్గుపడి యా క్రీడయే మానివేయ దలచెను. గుఱి తప్పినందుకు గాక, తన చేతులకు సిగ్గుపడి పిల్ల విద్య మానుట మాకు మిక్కిలి బాధ కలిగించెను.

అనుభవజ్ఞుడగు నొక శిక్షకుడు చూచి చెప్పిన కారణమిది. చూపుడువ్రేలి కొన మెత్తనిభాగము ట్రిగ్గరుపై నానవలెను. అపుడే మీట తిన్నగా వెనుకకు వచ్చును. పొడవైన వ్రేలు మీటను దాటిపోయి కణుపుకడ నానినచో, నొక్కునపుడు పిస్తోలు ముక్కు ప్రక్కకు కదలును. వ్రేలు పిడి ప్రక్కను రాచుకొన్నను నిట్లే యగును. పోటీ పిస్తోళ్లలో పది మీటరుల దూరమున నుండు లక్ష్యపు నడిమి వలయము వ్యాసము 11.5 మిల్లీమీటరులు మాత్రమే. అంత చిన్న గుఱికి వెండ్రుకవాసి కదలికయు చాలును.

కావున ముందు పిడిని సరిచేయవలెను. అరచేతికి చాలని కొయ్యపిడిని మార్చి పెద్దది వేయుటయో, లోటున్నచోట కొయ్యపిండి మెత్తి యాకురాయితో నరుగదీయుటయో చేయుదురు. పట్టు కుదిరిన పిదపనే మీట వంతు. పెద్దచేతులవారికి మీటను పిడినుండి ముందునకు జరుపవలెను. పోటీ పిస్తోళ్లలో ననేకములకు మీట చిన్న పట్టాపై జరుగును. మఱను వదలించి, జరిపి, మరల బిగింతురు. అంతటితో జాలనిచో వేఱు రూపముగల మీటను వేయింతురు. వంకరమీట వ్రేలి నొకేచోట నిలుపును. చదునుమీట వ్రేలి కిష్టమైన తావు నిచ్చును. కన్నులు మూసికొని పలుమారులు పట్టి చూచి, వ్రేలు తనంతట నెచట వ్రాలునో దానినిబట్టి యెన్నుకొనుట మేలు. మా పిల్లకు చదునైనదే నచ్చినది.

ఈ పని కెల్లపుడు పిస్తోలులో గుండు లేదని రెండుమారులు చూచుకొనవలెను. లోపలి భాగములను తెలిసిన పనివాడే ముట్టవలెను. మీట మార్చిన పిమ్మట బరువు పరీక్షయు గలదు: పిస్తోలు ముక్కును నిలువుగా పైకిపెట్టి, మీటకు 500 గ్రాముల తూనికరాయి వ్రేలాడదీసి యెత్తినపుడు మీట జారరాదు. గాలిపిస్తోలు పోటీలకిది నియమము. 25 మీటరుల పిస్తోలునకు 1000 గ్రాములు.

ఒలింపిక్సులో స్త్రీలకు ప్రత్యేకముగా పిస్తోలు పోటీ 1984లో లాస్ ఏంజెలిసునందు మొదలయ్యెను. మన హైదరాబాదు బాలిక ఈషా సింగు 2018లో, 13 ఏండ్ల ప్రాయముననే, గాలిపిస్తోలున జాతీయ విజేత యయ్యెను. 2023లో చైనాలోని హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో నామె యొక స్వర్ణమును, మూడు రజతములను గెలుచుకొనెను. ఇట్టి బాలికల గాంచి మఱెందఱో యీ క్రీడకు రానున్నారు. వారందఱి చేతులు నొకే కొలతగా నుండవు.

మీట మార్చినంత మాత్రమున మా పిల్ల విజేత కాలేదు. గుండ్లు మాత్ర మిపుడు నడిమికి చేరువగా, నొకచోట గుమిగూడి పడుచున్నవి; తక్కినది సాధనవలన రావలసినదే. సోదరీమణులారా, మీ బిడ్డ కేదేని పనిముట్టు లొంగనపుడు, “నీ చేయి మంచిది కా”దనుటకు ముందు ఆ పనిముట్టును చేతబట్టి చూడుడు. మఱనుత్రిప్పి సరిచేయదగిన దానికై బిడ్డ మనసు విఱుగనీయకుడు.