ఎండాకాలం వాటా

పెరట్లో నాలుగు పాదులు పెట్టుకున్న ఇంటికి ఏటా ఒక చిక్కు వచ్చిపడుతుంది. మొదటి బీరకాయ కోసిన రోజు ఇంటిల్లిపాదికీ పండగే. నెల తిరిగేసరికి కథ మారిపోతుంది. పొద్దున్నే లేచి చూస్తే పందిరికి పది కాయలు వేలాడుతుంటాయి. నిన్నటివి తట్టలోనే ఉంటాయి. మొన్నటివి మంచం కిందికి చేరి ఉంటాయి. 'మళ్లీ సొరకాయేనా?' అని పిల్లలు మూతి ముడుస్తారు. ఇంటాయన పైకి ఏమీ అనడు గానీ, కంచం ముందు కూర్చున్న తీరులోనే సంగతి తెలిసిపోతుంది.

పోనీ కోయకుండా వదిలేద్దామా అంటే అదీ కుదరదు. కాయ ముదిరితే తీగ కాపు తగ్గించేస్తుంది. లేతగా ఉన్నప్పుడు కోస్తుంటేనే కొత్త పిందె పడుతుంది. ఇంట్లో తినేవాళ్లు ఎందరన్న లెక్క పాదుకు తెలియదు.

ఈ తంటా అన్ని ఊళ్లలోనూ ఉన్నదే. కడప వైపు మాత్రం దీనికి రెండో ముఖం ఉంది. ఇక్కడ ఏడాదంతా కలిపి కురిసే వాన సగటున 700 మిల్లీమీటర్లు, అటూ ఇటూ. అదీ కొద్ది రోజుల్లోనే కురిసి వెళ్లిపోతుంది. తొలకరికి పెట్టిన విత్తనం దసరా నుంచి సంక్రాంతి దాకా విరగకాస్తుంది. శివరాత్రి దాటాక బావిలో నీళ్లు కిందికి దిగిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటేసరికి అదే పందిరి మీద ఎండు తీగలు తప్ప ఏమీ మిగలవు. కార్తీకంలో ఎవరికి ఇవ్వాలో తెలియని కాయ, వైశాఖంలో వెతికినా కనబడదు. ఈ సంగతి ఎరిగిన ఇల్లాలు తట్టలో మిగిలిపోయిన కాయలను మిగులు అనుకోదు. అవి ఎండాకాలం వాటా.

ముందు గోడ దాటాలి

కాపు ఎక్కువైతే మొదట గుర్తొచ్చేది పక్కిల్లే. రెండు కాయలు, గుప్పెడు మిరపకాయలు, కట్ట గోగాకు గోడ మీది నుంచి అవతలికి వెళ్తాయి. వెళ్లిన గిన్నె ఖాళీగా తిరిగి రాదు. అందులో కాసిన్ని చెనిక్కాయలో, పిడికెడు చింతకాయలో ఉంటాయి. అయితే ఈ మర్యాదకూ ఒక హద్దుంది. వాన అందరికీ ఒకేసారి పడింది కాబట్టి కాపూ అందరికీ ఒకేసారి వస్తుంది. సొరకాయ తీసుకెళ్లిన మనిషి గుమ్మడికాయతో తిరిగొస్తే లాభమేముంది?

ఆ తర్వాత భారం వంటింటి మీద పడుతుంది. వంకాయ ఒక పూట పులుసులోకి పోతుంది. ఇంకో పూట నిప్పుల మీద కాలి, పచ్చిమిరప, తెల్లగడ్డ కలిపి రోట్లో నూరిన ఊరుబిండి అవుతుంది. సంగటి ముద్ద పక్కన అది ఉంటే వేరే కూర అడగరు. బీరకాయ కూరకు పోగా దాని తొక్కు కూడా పచ్చడవుతుంది. చలికాలంలో అనపకాయలు గంపలకొద్దీ వస్తే గింజలు వలిచి, రాత్రంతా నానబెట్టి, ఒక్కొక్కటే పొట్టు పితుకుతారు. అదే పితికిపప్పు. కోస్తా నుంచి వచ్చిన కొత్త కోడలు 'ఆనపకాయ తెండి' అంటే ఇక్కడ గింజల కాయలు తెచ్చిస్తారు. పాపం, ఆమె అడిగింది సొరకాయ.

ఇన్ని చేసినా తట్ట అడుగు కనిపించదు. అప్పుడిక మిద్దె ఎక్కడమే.

మిద్దె మీద నాలుగు రోజులు

రాయలసీమ పాత ఇళ్లకు చదునైన పైకప్పు ఉంటుంది. దాన్నే మిద్దె అంటారు. రాత్రి పడకకూ, పగలు ఎండబెట్టుకోవడానికీ అదే చోటు. సంక్రాంతి దాటి, ముసురు పోయి, ఆకాశం తేటపడిందంటే అక్కడ పాత పంచెలు పరుచుకుంటాయి. వాటి మీద మటిక్కాయలు, కాకర చక్రాలు, వంకాయ చీలికలు, రెండుగా కోసిన బుడంకాయలు. వీటన్నిటికీ కలిపి ఒకటే పేరు, ఒరుగులు.

మటిక్కాయ అంటే గోరుచిక్కుడు. ఈనెలు తీసి, ఉప్పూ పసుపూ వేసిన నీళ్లలో ఒక్క పొంగు రానిచ్చి, వార్చి ఆరబోస్తారు. ఆ ఒక్క పొంగులో పనుంది. కోసిన తర్వాత కూడా కాయలో జరుగుతూనే ఉండే మార్పులను ఆ వేడి ఆపేస్తుంది. రంగు, రుచి త్వరగా చెడవు. ఉప్పు లోపలి నీటిని బయటికి లాగుతుంది. కూరగాయల్లో చాలావాటి బరువులో నూటికి తొంభై పాళ్లు నీరే. ఆ నీరు పోతే బూజుకూ క్రిములకూ బతికే దారి ఉండదు. పది కిలోల కాయ కిలోకు దగ్గరగా వచ్చి డబ్బాలో పడుతుంది.

కాకరకాయను చక్రాల్లా కోసి ఉప్పు వేసిన మజ్జిగలో నానబెడితే చేదు విరుగుతుంది. మిరపకాయల పద్ధతి ఇంకా ఓపికతో కూడినది. నిలువునా చీలిక పెట్టి, ఉప్పు కలిపిన పుల్లమజ్జిగలో వేస్తారు. పగలు ఎండకు తీసి, రాత్రికి మళ్లీ అదే మజ్జిగలో ముంచుతారు. మజ్జిగంతా కాయలే తాగేశాక గలగలమనేలా ఎండబెడతారు. పప్పన్నంలోకి ఒక్క ఊరమిరపకాయ వేగితే వాసన వీధి చివరి దాకా పోతుంది.

ఎండిందో లేదో తేల్చేది చెవి. విరిస్తే పటుక్కుమనాలి. వంగిందంటే ఇంకో ఎండ కావాలి. తొందరపడి డబ్బాకెత్తితే వారం తిరక్కుండానే బూజు. సాయంత్రం మంచు పడకముందే ఎత్తి లోపల పెట్టాలి. పొద్దున మళ్లీ పరవాలి. కాకులనూ కోతులనూ కనిపెట్టుకోవాలి. నాలుగైదు రోజుల ఈ చాకిరీలో మిద్దె ఎక్కి దిగేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. మే నెలలో కూరగాయల బండి ముందు నిలబడి ధర విని వెనక్కి వచ్చిన రోజున, ఆ చాకిరీ కంచంలోకి వస్తుంది. నూనెలో వేగిన మటిక్కాయ ఒరుగులు కరకరలాడతాయి. వేడినీళ్లలో నానిన వంకాయ ఒరుగులు పులుసులో పడి మళ్లీ మెత్తబడతాయి.

అక్కడ మంచుకు, ఇక్కడ ఎండకు

ఇది కడపకే తెలిసిన విద్య కాదు. తమిళులు ఇలా ఎండబెట్టిన కాయలను వత్తల్ అంటారు. వాటితో పెట్టే పులుసు వాళ్ల వంటల్లో పేరున్నది. టర్కీలో లోపలి గుజ్జు తీసేసిన వంకాయలను దారానికి గుచ్చి తోరణాల్లా వేలాడదీస్తారు. కశ్మీరులో సొరకాయ, వంకాయ, టమాటా ముక్కలను వేసవిలోనే ఎండబెట్టి దాచుకుంటారు. చలికాలంలో దారులు మంచుతో మూసుకుపోతే అవే దిక్కు. వాళ్లు ఎండ సాయంతో మంచుకాలాన్ని దాటతారు. కడప వాళ్లు దాటాల్సింది ఆ ఎండనే. పాదును మాడ్చే ఎండతోనే కాయను కాపాడుకోవడం ఇక్కడివాళ్ల ఉపాయం.

ఈ ఉపాయం వెనక భయం కూడా ఉంది. 1876-78 నాటి ధాత కరువు కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలను ఊడ్చేసింది. 1950ల మొదట్లో సీమ జనం గంజి కేంద్రాల ముందు బారులు తీరారు. ఒరుగులు కరువును ఆపలేవు. గింజ లేని ఇంట్లో ఎండు వంకాయ ఎన్నాళ్లని నిలబెడుతుంది? కానీ అలాంటి ఏళ్లను చూసిన ఇళ్లలో, ఉన్నప్పుడే లేనప్పటి సంగతి ఆలోచించడం అలవాటైపోయింది. కాయను పారబోస్తే ముసలివాళ్లకు కోపం వచ్చేది అందుకే.

ధర పడిపోయిన పూట

ఇప్పుడు మిద్దెల స్థానంలో డాబాలు, అపార్టుమెంట్లు వచ్చాయి. ఫ్రిజ్ వచ్చింది. అది కాయను వారం, పది రోజులు ఆపగలదు. సంక్రాంతి కాయను మే నెల దాకా తీసుకురావడం దాని వల్ల కాదు. మరోవైపు డాబాల మీద కుండీల్లో కూరగాయలు పెంచే సరదా మళ్లీ పెరిగింది. పెంచడం నేర్చుకున్నవాళ్లకు కాపు మీద పడినప్పుడు ఏంచేయాలో చెప్పే పెద్దలే ఇంట్లో కరువయ్యారు.

పెరటి చిక్కే పొలంలో కష్టమవుతుంది. పొరుగున మదనపల్లె మార్కెట్లో 2023 జులై చివర కిలో దాదాపు 200 రూపాయలు పలికిన టమాటా సెప్టెంబరు వచ్చేసరికి పది రూపాయల లోపుకు దిగజారింది. కోత కూలి, బండి బాడుగ కూడా రాక రైతులు పంటను రోడ్డు పక్కన పారబోసిన ఏళ్లు సీమలో లెక్కలేనన్ని. ఇంట్లో పది కాయలకు సరిపోయే పాత పంచె, టన్నుల పంటకు చాలదు. అక్కడ కావలసింది ఆరబెట్టే యంత్రాలు, గుజ్జు తీసే కర్మాగారాలు, వాటికి నిలకడగా కొనేవాళ్లు. పద్ధతి కొత్తదేమీ కాదు. రైతుకు అందేంత దగ్గరగా లేదు, అంతే.

ఒరుగుల్లో అన్నీ సుగుణాలే అనడమూ సరికాదు. ఎండలో సి విటమిన్ చాలావరకు పోతుంది. ఉప్పు ఎక్కువ కాబట్టి రక్తపోటు ఉన్నవాళ్లు చేయి బిగబట్టాలి. పీచు, ఖనిజాలు మాత్రం చాలావరకు నిలుస్తాయి. అన్నిటికీ మించి, కష్టపడి నీళ్లు పోసి పెంచిన కాయ పెంటకుప్పకు పోదు.

ఇంత పంచి, వండి, ఎండబెట్టినా పందిరి మీద ఒక కాయను ఎవరూ ముట్టరు. అన్నిటికంటే ముందు, బలమైన తీగకు కాసిన నిండు సొరకాయ అది. తీగతో పాటే ఎండుతుంది. లోపల గింజలు కదిలి చప్పుడైనప్పుడు కోసి, గింజలు తీసి, బూడిద పట్టించి పెడతారు. ఖాళీ బుర్ర కూడా వృథా పోదు, అందులోనే విత్తనాలు దాస్తారు. ఎండాకాలం తన వాటా తినేసి వెళ్లాక, తొలకరికి పంచడానికి ఉండాల్సినవి అవే.